మొదటిసారి గోల్ఫ్‌కి వెళ్తున్నాను, పరువు పోకుండా ఏం తెలుసుకోవాలి?

కర్నూలు నుంచి ఒకరు అడిగారు: కంపెనీ పెద్దాయన ఆదివారం హైదరాబాద్‌లో గోల్ఫ్‌కి రమ్మన్నారట, ఓనమాలు కూడా తెలీవట.

మాది అనంతపురం. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక ఈ ఆట పట్టుకుంది. నేను చూసినంతలో, కొత్తవాళ్లు బాగా ఆడకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. వెనకాల వచ్చేవాళ్లను నిలబెట్టేసినా, లెక్క తగ్గించి చెప్పినా మాత్రం మళ్లీ పిలవరు.

మొత్తం 18 హోల్స్, అంటే బంతిని వేయాల్సిన గుంతలు. ఒక్కోదానికి పార్ (బాగా ఆడేవాళ్లకు పట్టాల్సిన దెబ్బల లెక్క) మూడో, నాలుగో, ఐదో ఉంటుంది. మొత్తం సాధారణంగా 72. ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత మంచిది. క్రికెట్ ఆడి పెరిగిన మనకు వింతగా అనిపించేది ఇక్కడ అంపైర్ లేకపోవడం. ఎవరి లెక్క వాళ్లే చెప్పాలి. కొట్టాలని ఊపి, బంతికి తగలకపోయినా అది ఒక స్ట్రోకే, అంటే ఒక దెబ్బ కిందే లెక్క. ఎవరూ చూడలేదు కదా అనుకోకండి, అందరూ చూస్తారు. టీ (మొదటి దెబ్బకు బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద నుంచి బంతి దానంతట అది జారిపడితే మాత్రం లెక్క లేదు, మళ్లీ పెట్టుకోవచ్చు.

బంతి హద్దు చూపించే తెల్ల కర్రలు దాటిపోతే ఒక పెనాల్టీ స్ట్రోక్ కలుపుకుని, ముందు కొట్టిన చోటు నుంచే మళ్లీ కొట్టాలి. అంటే మొదటి దెబ్బ అటు పోతే తర్వాత కొట్టేది మూడోది. బంతి వెతకడానికి 3 నిమిషాలే టైమ్, 2019కి ముందు 5 ఉండేది. దొరకదేమో అని డౌటుంటే 'ప్రొవిజనల్' (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి, ఇంకో బంతి కొట్టి కదలండి. మీ బంతి మీద పెన్నుతో ఏదో గుర్తు పెట్టుకోండి. వేరేవాళ్ల బంతి కొడితే రెండు స్ట్రోకుల శిక్ష.

ఇక మర్యాదల సంగతి. ఎదుటివాళ్లు కొట్టేటప్పుడు గమ్మునుండాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి. వాళ్ల కంటికి అడ్డంగా గానీ వెనకాల గానీ నిలబడకూడదు. మా గుంపులో ఒకాయన సరిగ్గా వేరొకరు ఊపేటప్పుడే జేబులో చిల్లర గలగలలాడిస్తాడు. ఆయనతో ఆడాలంటే అందరికీ టెన్షనే.

ముందున్నవాళ్లు దూరం వెళ్లేదాకా కొట్టొద్దు. బంతి ఎవరివైపైనా వెళ్తుంటే గట్టిగా 'ఫోర్' అని అరవాలి. ఆ మాట మీకు వినబడితే ఎటునుంచా అని తలెత్తి చూడకండి, తల కప్పుకుని వంగిపోండి.

గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీదే మనిషి పనితనం తెలిసిపోతుంది. పైనుంచి పడ్డ బంతి అక్కడ చిన్న గుంట చేస్తుంది. కొత్తవాళ్లు దాన్ని ఆ గుంటలు సరిచేసే చిన్న ఫోర్కుతో కిందినుంచి పైకి ఎత్తుతారు, వేర్లు తెగిపోయి ఆ చోట గడ్డి చస్తుంది. గుంట అంచుల్లో గుచ్చి, చుట్టూ గడ్డిని మధ్యకు నెట్టి, పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర) మెల్లగా తట్టాలి. పక్కవాళ్ల బంతికీ హోల్‌కీ మధ్య దారి తొక్కకండి, మీ నీడ కూడా దాని మీద పడనీయకండి. బంకర్లో (ఇసుక గుంటలో) అయితే లోతు తక్కువున్న వైపు నుంచి దిగి, కొట్టాక అడుగుల జాడలు రేక్‌తో సరిచేసి రావాలి.

మీ వంతు వచ్చేసరికి క్లబ్ (బంతిని కొట్టే కర్ర) చేతిలో ఉండాలి. స్కోరు గ్రీన్ మీద నిలబడి రాయొద్దు, తర్వాతి హోల్ మొదలుపెట్టే చోట రాసుకోండి. సరదా ఆటే కాబట్టి, పార్‌కు రెట్టింపు దాటితే బంతి తీసి జేబులో వేసుకోండి, మీవాళ్లు లోపల సంతోషిస్తారు.

జీన్స్ వద్దు, కాలర్ ఉన్న టీషర్ట్ వేసుకోండి. షూస్ గురించీ, అద్దెకి క్లబ్బులు దొరుకుతాయా అనేదీ ముందే ఫోన్ చేసి కనుక్కోండి, సెట్ మాత్రం ఇప్పుడే కొనకండి. కర్నూలు నుంచి 200 కిలోమీటర్ల పైనే కదా, టీ టైమ్ (ఆట మొదలుపెట్టే టైమ్) పొద్దున్నే అయితే శనివారం రాత్రికే హైదరాబాద్ చేరుకోండి.