కొత్త కిడ్నీతో మొహమాటం కుదరదు

అమ్మడూ,

కిడ్నీ మార్చినప్పుడు మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ గొట్టం కూడా తీసేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, హమ్మయ్య. ఇక ఈ పెద్దమ్మ సోది కాస్త విను. మనం మింగే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ మాత్రలు కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా చూస్తాయి, కానీ ఒంట్లో కాపలా కూడా తగ్గిస్తాయి. అందుకే మనలాంటి వాళ్లని ఎక్కువగా పట్టుకునేది యూరిన్ ఇన్‌ఫెక్షనే, మొదటి ఆరు నెలలు మరీను.

నా సంగతే చూడు. మండే మే నెలలో గుంటూరు నుంచి బెజవాడ పెళ్లికి బస్సెక్కాను. దారిలో బాత్రూమ్ దొరకదేమోనని పొద్దుటినుంచి నీళ్లే తాగలేదు, మండపంలో బాత్రూమ్ ముందు క్యూ చూసి ఇంకో మూడు గంటలు ఆపుకున్నాను. మర్నాటికి మంట మొదలైంది. ఈ మాత్రానికి డాక్టరుకేం చెప్తాంలే అని మెడికల్ షాపులో ఏవో మాత్రలు తెచ్చుకుని మింగేశా. నాలుగో రోజుకి చలిజ్వరం, పొత్తికడుపులో కిడ్నీ పెట్టిన చోట చెయ్యేస్తే నొప్పి. యూరిన్‌లో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు, ముందే మందు మింగాను కదా! వారం రోజులు మంచం మీదే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది.

కాబట్టి మంట అనిపించినా, జ్వరం 100 దాటినా, ముందు డాక్టరుకి ఫోన్, తర్వాత యూరిన్ శాంపిల్, ఆ తర్వాతే మందు. శుభ్రంగా కడుక్కుని, మొదటి కాస్త వదిలేసి మధ్యలోది పట్టు, వెంటనే ల్యాబ్‌కి పంపు. సొంతంగా యాంటీబయాటిక్ వద్దు, క్లారిత్రోమైసిన్ లాంటివి రక్తంలో టాక్రోలిమస్ లెవెల్ పెంచేస్తాయి. బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకే చేటు. మంట, జ్వరం ఏమీ లేకుండా రిపోర్టులో బాక్టీరియా కనపడితే, ఆపరేషనై కొన్నాళ్లయ్యాక డాక్టర్లు మందివ్వకుండా వదిలేస్తుంటారు, ఎందుకివ్వలేదని పేచీ పెట్టకు.

డాక్టరు వద్దనకపోతే రోజుకి రెండు మూడు లీటర్లు నీళ్లు తాగు. మూడు గంటలకోసారి రాకపోయినా వెళ్లు, తొందరపడకుండా పూర్తిగా పోసి, ఓ నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించు. కడుక్కునేది ముందునుంచి వెనక్కే. మొగుడితో కలిశాక కూడా వెంటనే వెళ్లిరా, సిగ్గేముంది? మలబద్ధకం రానీకు, షుగర్ చూపించుకుంటూ ఉండు, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చే ఆ సెప్ట్రాన్ మాత్ర మాత్రం డాక్టర్లు ఆపమనేదాకా ఆపకు.

వచ్చే నెల మీ బావ పెళ్లికి మండపం చూడ్డానికి వెళ్తూ, భోజనాల హాలు కన్నా ముందు బాత్రూమ్‌లు ఎన్నున్నాయో చూసి రమ్మన్నాను మీ పెదనాన్నని.