భీముడు తవ్విన గొయ్యి

బుజ్జీ,

సెయింట్ బెర్నార్డ్ కుక్కపిల్లని తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కుక్క మొరిగితే నా వెనక దాక్కున్న పిల్లవి, ఇంత ధైర్యం వచ్చిందా అని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టీకాలు, నులిపురుగుల మందు డాక్టర్ చెప్పిన తేదీకి వేయించు. కొనేముందు తల్లికుక్కని చూపించమను.

అసలు సంగతి విను. వాటి పుట్టిల్లు ఆల్ప్స్. స్విట్జర్లాండ్, ఇటలీల మధ్య 2,469 మీటర్ల ఎత్తున ఉన్న కనుమలో, 11వ శతాబ్దంలో బెర్నార్డ్ అనే మతగురువు బాటసారులకి సత్రం కట్టించాడు. 17వ శతాబ్దం నుంచి అక్కడ కాపలాకి పెంచిన కుక్కలే, తర్వాత మంచులో కూరుకుపోయినవాళ్లని వాసన పట్టి వెతికేవి. వాటిలో బేరీ అనేది 40 మందిని కాపాడిందంటారు. 1814లో పోయింది, బెర్న్ మ్యూజియంలో దాని తోలుతో నిలబెట్టిన రూపాన్ని ఇప్పటికీ చూడొచ్చు. 19వ శతాబ్దంలో న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కలతో జత కట్టిస్తే పిల్లలకి జుట్టు పొడుగైంది. దానికి మంచు గడ్డకట్టి, ఆ కొండమీదే పనికిరాకుండా పోయాయి. అలాంటి జుట్టుతో మన ఖమ్మం ఎండలోనా?

మా కుక్క భీముణ్ని తెచ్చినప్పుడు నాకివేమీ తెలియవు. ఏప్రిల్ రాగానే వాడు పెరట్లో తొట్టి పక్కన గొయ్యి తవ్వడం మొదలెట్టాడు. మల్లె వేళ్లు తెగాయని కసిరాను. పారతో పూడ్చి, పైన బండలు పరిచాను. మే నెలలో పెళ్లికి వెళ్తూ, నీడే కదా అని వరండాలో కట్టేశాను. గిన్నె నిండా నీళ్లు కూడా పెట్టాను. మూడింటికి వచ్చేసరికి పక్కకి ఒరిగి ఉన్నాడు. నాలుక ముదురెరుపు. మూతి కింద చొంగ చారలు కట్టి ఎండిపోయింది. ముందుకాళ్ల దగ్గర సిమెంటు మీద గోళ్ల గీతలు. అక్కడా తవ్వబోయాడు. తడి గోనె కప్పి ఆటోలో తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. వాడు అడిగింది కాస్త చల్లటి మట్టి, అమ్మా. నేను పూడ్చేశాను.

కరెంటు పోతే ఏం చేస్తావో ముందే చూసుకో. ఎండాకాలం పొద్దున ఆరులోపే తిప్పి లోపలికి తెచ్చెయ్. జుట్టు గొరిగిస్తే సరిపోతుందని ఎవరన్నా వినకు, రోజూ దువ్వు. ఒంటరిగా కట్టేసి వెళ్లావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఇంటి వెనక టైల్స్ వేయిస్తున్నారట, ఆపించు. వేపచెట్టు కింద మట్టి ఎంత మిగిలిందో కొలిచి చెప్పు. ఆదివారం పార తీసుకుని వస్తాను.

మీ మామయ్య