మోకాలి దగ్గర ఎముక బుడిపె: ఇప్పుడే కోయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాబుకు 13 ఏళ్లు. బతుకమ్మ సెలవుల్లో కాలికి నూనె రాస్తుంటే ఎడమ మోకాలి పైన, లోపలి వైపు గట్టి బుడిపె చేతికి తగిలింది. నొప్పి లేదు. హనుమకొండలో ఎక్స్‌రే తీయించి చూపిస్తే ఆస్టియోకాండ్రోమా అని, ప్రమాదం లేదని, ఆరు నెలల తర్వాత రమ్మని చెప్పారు. గడ్డ ముదిరితే క్యాన్సర్ అవుతుందని, ఇప్పుడే కోయించమని చుట్టాలు భయపెడుతున్నారు. మా మామయ్య పసరు కట్టు కట్టిద్దామంటున్నారు. మా ఆయనకు కూడా చిన్నప్పటి నుంచి మణికట్టు దగ్గర ఇలాంటి బుడిపె ఉంది, ముంజేయి కాస్త వంకర. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, మీ బాబును చూసిన డాక్టర్ ఆగమని చెప్పడం సరైన సలహాయే. పిల్లల ఎముకలు పొడవు పెరగడానికి వాటి చివర్ల దగ్గర మృదులాస్థి (ఎముకకంటే మెత్తగా ఉండే కణజాలం) పొర ఒకటి ఉంటుంది. అందులో కొంత భాగం పక్కకు జరిగి, బయటి వైపుకు ఎముకగా పెరిగితే దానినే ఆస్టియోకాండ్రోమా అంటారు. క్యాన్సర్ కాని ఎముక గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఎక్స్‌రేలో కనిపించేది లోపలి ఎముక మాత్రమే. దాని కొసన టోపీలా ఉండే మృదులాస్థి ఎక్స్‌రేలో సరిగా పడదు కాబట్టి, చేతికి తగిలే బుడిపె ఫిల్ములో ఉన్నదానికంటే పెద్దదిగా అనిపించడం మామూలే.

బాబు పొడుగు పెరిగినంత కాలం ఈ బుడిపె కూడా నెమ్మదిగా పెరుగుతుంది. మగపిల్లల్లో సాధారణంగా 16 నుంచి 18 ఏళ్ల మధ్య ఎముకల ఎదుగుదల ఆగిపోతుంది, దానితో పాటే ఇదీ ఆగుతుంది. అందుచేత వచ్చే ఏడాదికి కాస్త పెద్దదైనా కంగారు పడవద్దు. ఒంటరిగా ఉన్న బుడిపె క్యాన్సర్‌గా మారడం నూటికి ఒకరిలో కూడా ఉండదు, అదీ ఎక్కువగా పెద్దవయసులోనే. ఎదుగుదల పూర్తయ్యాక మళ్లీ పెరగడం మొదలైనా, కారణం లేకుండా నొప్పి పుట్టినా మాత్రం ఒక్కరోజు కూడా తాత్సారం చేయకూడదు. అప్పుడు ఎమ్మారై తీసి మృదులాస్థి మందం చూస్తారు. పెద్దవాళ్లలో అది 2 సెంటీమీటర్లు దాటితే అనుమానించవలసిందే.

ఇప్పుడే ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఈ వయసులో బుడిపె ఎదుగుదల పొరకు దగ్గరగా ఉంటుంది. ఆ పొర దెబ్బతింటే కాలు పొట్టిగానో వంకరగానో పెరిగే అవకాశం ఉంది. పైగా మృదులాస్థి కొంచెం మిగిలిపోయినా పిల్లల్లో అది మళ్లీ పెరగగలదు. అయితే కండరాలను ఎముకకు కలిపే స్నాయువులకు రాసుకుని నడకలో నొప్పి పెట్టినా, నరం మీదో రక్తనాళం మీదో ఒత్తిడి పడి తిమ్మిర్లు వచ్చినా, కాలు వంకర తిరుగుతున్నా ఆపరేషన్‌కు ఆగనక్కరలేదు. మృదులాస్థితో పాటు దాని మీది పొరను కూడా పూర్తిగా తీసేస్తే తిరిగి రావడం అరుదు. పసరు కట్టుకు ఎముక కరగదు. బిగించి కడితే చర్మం పొక్కుతుంది, గట్టిగా మర్దన చేస్తే బుడిపె మీద వాపు, నొప్పి మొదలవుతాయి. దయచేసి ఆ జోలికి పోకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీవారి సంగతి. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ ఇలాంటి బుడిపెలు ఉండటం, ముంజేయి వంగడం చూస్తే, వంశపారంపర్యంగా అనేక చోట్ల ఎముక బుడిపెలు వచ్చే జబ్బేమోనని అనుమానించాలి. ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 అనే జన్యువుల్లో లోపం వల్ల ఇది వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం వచ్చే అవకాశం ఉంటుంది. ఇందులో క్యాన్సర్ భయం ఒంటరి బుడిపె కంటే ఎక్కువే, అయినా నూటికి ఐదుగురికి మించదన్నది సాధారణ అంచనా. కాబట్టి ఆరు నెలలు గడిచేదాకా ఆగకుండా, ఈ నెలలోనే తండ్రీకొడుకులిద్దరినీ కలిపి చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎముకల విభాగానికైనా వెళ్లవచ్చు. భుజాలు, పక్కటెముకలు, తుంటి, చీలమండలు అన్నీ తడిమి చూడమని అడగండి. తుంటి ఎముక లోపల ఉన్నవి బయటికి తెలియవు కనుక, అవసరమైతే అక్కడ కూడా ఎక్స్‌రే తీస్తారు. మిగతా పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. బాబుకు తీసిన మొదటి ఎక్స్‌రే ఫిల్మును జాగ్రత్త చేయండి, బుడిపె ఎంత పెరిగిందో తేల్చడానికి తర్వాత తీసేవాటిని దానితోనే పోల్చి చూస్తారు.