చేతి వాచీ చూపే అంతస్తుల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

మెట్లు ఎక్కినప్పుడు వాచీలో పడే అంతస్తుల లెక్క సరైనదేనా అని మీరు అడిగారు. పొడవాటి మెట్ల వరుసను ఆగకుండా ఎక్కేవారికి అది చాలావరకు సరిగానే పడుతుంది. ఆగి ఆగి ఎక్కే పెద్దవారి విషయంలో మాత్రం దానిని నమ్మకూడదని నేను గట్టిగా చెబుతాను.

మా అక్కగారి ఇల్లు విజయవాడ చిట్టినగర్‌లో కొండవాలు మీద ఉంది. ఆటో దిగిన తరువాత ఇల్లు చేరడానికి ఒకే ఎత్తులో లేని మెట్లే దారి. సగం దూరం వరకే కమ్మీ ఉంది, మిగతా సగానికి వేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వేసవిలో బావగారు మా అమ్మకు ఒక వాచీ కొని ఎడమచేతికి పెట్టారు. ఆ సాయంత్రం అమ్మ కుడిచేతిలో కూరగాయల సంచితో, ఎడమచేత్తో కమ్మీ పట్టుకొని, నాలుగేసి మెట్లకు ఒకసారి నిలబడి ఊపిరి తీసుకుంటూ పైకి వచ్చేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసిపోయింది. రాత్రి ఫోను చూసిన బావగారు, "అత్తయ్యగారూ, ఈరోజు మీరు ఒక్క అంతస్తు కూడా ఎక్కలేదు, డాక్టరుగారు చెప్పింది మరిచిపోయారా?" అన్నారు. అమ్మ బదులు చెప్పకుండా వంటగదిలోకి వెళ్లిపోయింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇలాంటి వాచీలు గాలి పీడనంలో వచ్చే మార్పును బట్టి ఎత్తును అంచనా వేస్తాయి. చాలా కంపెనీల వాచీలు సుమారు 3 మీటర్లు, అంటే 10 అడుగులు పైకి వెళితే ఒక అంతస్తుగా లెక్కిస్తాయి. దాదాపు లక్ష పాస్కళ్లు ఉండే పీడనంలో ఆ ఎత్తుకు వచ్చే తేడా 36 పాస్కళ్ల వరకే ఉంటుంది కాబట్టి, ఈదురుగాలి వీచినా, సెన్సర్ రంధ్రంలో చెమట చేరినా లెక్క తప్పే అవకాశం ఉంది. లిఫ్టులో వెళ్లిన ఎత్తును కలపకుండా ఉండేందుకు అడుగులు పడుతున్నాయో లేదో చేతి కదలికను బట్టి కూడా చూస్తాయి. కమ్మీని పట్టుకున్న చెయ్యి ఊగదు, మధ్యలో ఆగితే ఎక్కడం తెగిపోతుంది, అందువల్ల అమ్మలాంటివారు పడిన శ్రమ లెక్కలోకి రాకుండా పోతుంది.

మోకాళ్ల నొప్పులున్నవారిని ఎక్కువగా బాధించేది దిగడం. సాధారణంగా ఈ లెక్కలో దిగిన అంతస్తులకు చోటే లేదు. దుకాణాలలో వాచీ అమ్మేవారు రంగుల గురించి, పట్టీల గురించి చెప్పినంత ఓపికగా ఈ విషయం ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

మీ ఇంట్లో పెద్దవారి కోసమే ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఇంటి మెట్లను ఒకసారి స్వయంగా లెక్కపెట్టి, వారు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతున్నారో వారినే అడిగి రాసుకొని, డాక్టరుగారికి ఆ కాగితం చూపించండి.