జమైకా పిల్లలకి ఆ స్పీడ్ ఎక్కడిది?

ప్రశ్న: సర్, జమైకా జనాభా ముప్ఫై లక్షలు కూడా లేదు కదా, మరి బోల్ట్, షెల్లీ ఆన్, ఎలైన్ థాంప్సన్ లాంటి పరుగుల వీరులందరూ అక్కడి నుంచే ఎలా వస్తున్నారు? అంతా జీన్స్ మహిమేనని మా ఫ్రెండ్స్ వాదన. నిజమేనా?

జవాబు: జీన్స్ అస్సలు లెక్కలోకి రావని అనను గానీ, అదొక్కటే కారణమైతే చుట్టుపక్కల దీవుల్లో ఉన్నదీ ఎక్కువగా ఆఫ్రికా మూలాల జనమే, వాళ్ళకీ ఇన్ని మెడల్స్ రావాలి కదా. నన్నడిగితే అసలు సంగతంతా స్కూళ్ళలో ఉంది. ఛాంప్స్ అని హైస్కూల్ పిల్లల అథ్లెటిక్ మీట్ ఒకటుంది, 1910లో మొదలైంది, ఇప్పుడు ఏటా కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో ఐదు రోజులు జరుగుతుంది. స్కూల్ పిల్లల పోటీలే కదా అనుకుంటాం, కానీ ఆఖరి రోజు స్టేడియం కిక్కిరిసిపోతుంది, టీవీలో లైవ్ వస్తుంది, ఒకపక్క కింగ్‌స్టన్ కాలేజ్ వాళ్ళ ఊదా రంగు (పేరుకే కాలేజ్, అది హైస్కూలే), ఇంకోపక్క కాలబార్ హైస్కూల్ వాళ్ళ ఆకుపచ్చ, ఎప్పుడో చదువైపోయిన వాళ్ళు కూడా వచ్చి గొంతు పోయేలా అరుస్తుంటారు. వయసుని బట్టి గ్రూపులుగా విడగొడతారు కాబట్టి పదమూడేళ్ళ పిల్లాడు పద్దెనిమిదేళ్ళ వాడితో పరిగెత్తక్కర్లేదు, కానీ వాడు తెచ్చే పాయింట్లు కూడా స్కూల్ టైటిల్‌కే కలుస్తాయి. అందుకే చిన్నపిల్లల మీద కూడా కోచ్‌లు అంత శ్రద్ధ పెడతారు.

ఆ కోచ్‌లు ఊరికే రాలేదు. క్యూబా సాయంతో 1980లో జి.సి. ఫోస్టర్ కాలేజ్ పెట్టారు, పీఈటీలకీ కోచ్‌లకీ అక్కడ ట్రైనింగ్ ఇస్తారు, వాళ్ళు దీవి అంతా స్కూళ్ళకి వెళ్తారు. ట్రెలానీలోని పల్లెటూరి పిల్లాడు బోల్ట్‌కి మొదట క్రికెట్టే పిచ్చి, వాడి స్పీడ్ చూసి ట్రాక్ వైపు వెళ్ళమన్నది స్కూల్ క్రికెట్ కోచే. 2003 ఛాంప్స్‌లో 200 మీటర్లు 20.25 సెకన్లలో కొట్టాడు, అప్పటికింకా స్కూలు కుర్రాడే!

అయితే ఒక్కటి మాత్రం నాకు బాధ. టైటిల్ కోసం పెద్ద స్కూళ్ళు చిన్న స్కూళ్ళ పిల్లల్ని లాగేసుకోవడం, ఎదిగే వయసులో మరీ ఎక్కువ పరిగెత్తించడం ఉన్నాయి, అది అస్సలు మంచిది కాదు. అంత తొందర అక్కర్లేదు కూడా, మీరన్న ఎలైన్ ఛాంప్స్‌లో పెద్దగా మెరవనే లేదు, స్కూల్ అయ్యాక కింగ్‌స్టన్‌లోనే యూనివర్సిటీలో చేరి, అక్కడి ఎంవీపీ అనే అథ్లెటిక్స్ క్లబ్ కోచింగ్‌లో నెమ్మదిగా ఎదిగి, 2016 రియో ఒలింపిక్స్‌లో 100, 200 మీటర్లు రెండూ గెలిచింది, టోక్యోలో మళ్ళీ రెండూ గెలిచింది.