చెవిలో గైడు: కాకినాడ నుంచి యానాం దాకా

తీరం వెంట ఉన్న పాత కట్టడాలను ఆడియో సాయంతో చూడడం, చూపించడం గురించి పాఠకులు అడిగినవాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లల్ని కాకినాడ తీసుకెళ్లి పాత కట్టడాలు చూపించాలని ఉంది. రోడ్డు మీద నలభై మందికి వినబడేలా అరవడం నావల్ల కాదు. ఫోన్లోనే ఆడియో తయారుచేసుకోవచ్చా? ఎంతసేపు ఉండాలి?
– సోషల్ టీచరు, అమలాపురం

జవాబు: చేసుకోవచ్చు. అయితే రాయడానికి కూర్చునేముందు దారంతా ఒకసారి నడవండి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ పదిమంది నిలబడితే ఆటోలకు అడ్డం కాదు అన్నది తేలాకే ఆగే చోట్లు ఖాయం చేయండి. ఎనిమిది చోట్లు చాలు. ఒక్కో చోట రెండు నిమిషాలు, మరీ ముఖ్యమైతే మూడు. అంతకు మించి నిలబడి వినే ఓపిక పెద్దవాళ్లకే ఉండదు. తెలుగు తాపీగా చదివితే నిమిషానికి 90 నుంచి 110 మాటలు వస్తాయి, కాబట్టి ఒక్కో చోటికి 200 మాటల దగ్గర ఆగండి. రాస్తుండగానే పైకి చదివి టైము చూసుకుంటే తర్వాత కోతలు తప్పుతాయి.

ప్రతి చోటా ముందు ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో చెప్పండి. కథ ఆ తర్వాతే. చివర్లో వచ్చే చోటికి దారి చెప్పండి. సంవత్సరంతో మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. పి.ఆర్. (పిఠాపురం రాజా) కాలేజీ దగ్గర పిల్లవాడు ఏ మేడ వైపు చూడాలో వెతుక్కుంటూ ఉండగానే కాలేజీ మొదలైన 1884 వచ్చి వెళ్లిపోతుంది. ముందు కళ్లు కుదురుకోనివ్వండి. పిఠాపురం రాజా పేరు, 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి సంగతి అప్పుడు చెప్పండి. కాలేజీ లోపలికి వెళ్లాలంటే ప్రిన్సిపాలుగారికి ముందే ఉత్తరం పెట్టుకోవాలి. ఓడరేవు గేటు లోపల ఆగే చోటు అసలు పెట్టుకోకండి.

ఫైళ్లను మోనోలో (ఒకే ఛానెల్‌గా), 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చండి. నిమిషానికి అర ఎంబీ కూడా అవ్వదు, ఇరవై నిమిషాల మాట 10 ఎంబీలో సరిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే ఫైలు పేరు మారదు. పేర్లు 01, 02 అని ఉండాలి. వట్టి 1, 2 అని పెడితే కొన్ని ఫోన్లలో ఒకటి తర్వాత పది మోగుతుంది. ప్రతి ఫైలు మొదట్లో ఆ నంబరు గొంతుతో కూడా చెప్పండి. నలభై మందినీ ఐదేసి మంది గుంపులుగా విడదీసి, గుంపుకో ఫోను, చిన్న స్పీకరు ఇవ్వండి. గుంపుకీ గుంపుకీ మధ్య ఐదు నిమిషాల ఎడం ఉంచండి.

ప్రశ్న: ఉప్పుటేరు వంతెన మీద నిలబడి రికార్డు చేస్తే మాట కంటే బుస్సుమనే గాలే ఎక్కువగా వస్తోంది. యాప్‌తో శుభ్రం చేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.
– జగన్నాథపురం

జవాబు: అది దూరం నుంచి వస్తున్న చప్పుడు కాదు. గాలి నేరుగా మైకు పొరను నెట్టడం వల్ల పుట్టే మోత. మైకుకిచ్చే నల్ల స్పాంజి 'ప', 'భ' పలికేటప్పుడు వచ్చే ఊపిరిని ఆపుతుందిగానీ సముద్రపు గాలికి చాలదు. దానిమీద బొచ్చు తొడుగు కావాలి. 80 హెర్ట్జ్‌ల కింది మోతను ఫిల్టరుతో తీసేయవచ్చు, కానీ గాలి తోపుకు శబ్దం పగిలిపోతే ఏ యాప్ కూడా అతకలేదు. రికార్డు చేసేటప్పుడే యాప్ మీటరులో పైస్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

అసలు మాట అక్కడ రికార్డు చేయాల్సిన పనే లేదు. ఇంట్లో పరుపు, బట్టల బీరువా ఉన్న గదిలో, మైకు నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పెట్టి చదవండి. ఫ్యాను ఆపాలి. మన డెల్టాలో ఏప్రిల్లో అది శిక్షే, కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి. వంతెన దగ్గరికి వేరే రోజు, సముద్రపు గాలి లేవకముందు పొద్దున్నే వెళ్లి పడవ ఇంజను, చేపల బేరం అరనిమిషం చొప్పున పట్టుకురండి. మాట కంటే 15-20 డెసిబెల్స్ తగ్గించి దాని కింద పరచండి. అంతకన్నా పెంచితే రోడ్డు చప్పుడులో మాట మునిగిపోతుంది.

ప్రశ్న: పేర్లు, తేదీలు కాక పాత కట్టడం గురించి ఇంకేం చెప్పాలి? వినేవాళ్లు విసుక్కుంటున్నారు.
– రామచంద్రపురం

జవాబు: కంటికి కనిపించేదే చెప్పండి. కిటికీ దగ్గర గోడ మందం చేత్తో కొలవమనండి. గానుగ సున్నంతో కట్టిన గోడ ఎందుకు అంత లావుగా ఉందో అప్పుడు చెబితే వింటారు. తల పైకెత్తమనండి. దగ్గరదగ్గరగా వేసిన టేకు దూలాలు, వాటి మీద అంచున నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు కనిపిస్తే అది మద్రాసు టెర్రస్ అనే పాతకాలపు కప్పు. ఆ టేకు గోదావరిలో తెప్పలు కట్టి దించిన సరుకు కావచ్చని చెబితే ఏటికీ ఇంటికీ చుట్టరికం కలుస్తుంది. మంగళూరు పెంకులుంటే ఇంకో సంగతి చెప్పవచ్చు. స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థ బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. కాబట్టి ఆ కప్పు అంతకు ముందుది కాదు. గోడలు మాత్రం పాతవై ఉండవచ్చు. కప్పును చూసి ఇంటి వయసు కట్టేయకండి.

గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లపొడి, ఊడిన పెచ్చులు ఈ తీరంలో ప్రతిచోటా ఉంటాయి. నేలలోని ఉప్పునీటిని ఇటుక పైకి పీలుస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు గడ్డకట్టి పూతను లోపల్నుంచి పగలగొడుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక ఇంకా పైకెక్కుతుంది. మోకాలి దగ్గరున్న చవుడు ఛాతీ దాకా వస్తుంది. సగం సున్నం, సగం సిమెంటు ఉన్న గోడ దొరికితే అక్కడ తప్పకుండా ఆపండి. తాపీమేస్త్రీలు కూడా నిలబడి వింటారు.

ఇక కాకినాడలో ఉప్పుటేరు ఒడ్డున గిడ్డంగులెందుకన్నది మరో మంచి కథ. తీరం దగ్గర లోతు లేక పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి. సరుకు పడవల మీద ఉప్పుటేరులోంచి వెళ్లేది. అటు కోరంగి రేవు గోదావరి మేటతో పూడుకుపోయింది, 1839 నవంబరు తుపాను దాన్ని కోలుకోనివ్వలేదు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఆగిపోయి మన పత్తికి గిరాకీ పెరిగినప్పుడు కాకినాడ లేచింది. వంతెన అవతల జగన్నాథపురంలో డచ్చివాళ్లు 1734 నుంచి ఉన్నారు. 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. ఇదంతా ఒకే చోట కుక్కకుండా, వంతెనకు అటూ ఇటూ రెండు చోట్లకు పంచండి.

ప్రశ్న: 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభను ఏ కట్టడం దగ్గర చెప్పాలి?
– కాకినాడ

జవాబు: మహాసభ పందిళ్లలో జరిగింది. పందిళ్లు మిగలవు. కాగితం మీద ఆధారం చేతిలో లేకపోతే "ఇక్కడే" అనకుండా "ఈ ఊళ్లో" అనండి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షత కంటే, వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ల దుర్గాబాయి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) టికెట్ లేదని నెహ్రూను ఖాదీ ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన సంగతి చెప్పండి. పిల్లలకు గుర్తుండేది అదే.

ప్రశ్న: ఇరుకు సందుల్లోకి వెళ్లగానే యాప్ పక్క మేడ కథ చెబుతోంది.
– తాళ్లరేవు

జవాబు: ఆరుబయట ఫోను మీరున్న చోటును ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. సందులో ఉపగ్రహాల సంకేతం గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఆ తేడా చాలా పెరుగుతుంది. యాప్‌లో కథ దానంతటదే మొదలవడానికి మ్యాపు మీద గీసే వృత్తం వ్యాసార్థం 25 మీటర్లకు తగ్గకుండా పెట్టండి. రెండు వృత్తాలు ఒకదాన్నొకటి తాకకూడదు. తాకేంత దగ్గరగా ఉన్న మేడల్ని ఒకే చోటుగా కలిపేయండి. ఇంకో పొరపాటు, మ్యాపులో మేడ నడినెత్తిన గుర్తు పెట్టడం. వినేవాడు నిలబడే చోట పెట్టాలి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే స్క్రీను ఆరిపోగానే కొన్ని ఫోన్లలో లొకేషను కూడా ఆగిపోతుంది. ఏదేమైనా చేత్తో నొక్కే బటన్ ఉండాల్సిందే.

ప్రశ్న: యానాం విమోచన తేదీ ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. ఏది రికార్డు చేయాలి?
– యానాం

జవాబు: వినబడే మూడు తేదీలూ నిజమే. 1954 జూన్ 13న స్థానికంగా ఫ్రెంచి అధికారం తొలగింది. ఆ ఏడాది నవంబరు 1న పాలన భారత్‌కు వచ్చింది. చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఏ తేదీ దేనిదో ఒక్కో వాక్యంలో చెప్పేయండి.

ప్రశ్న: రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చా?
– పిఠాపురం

జవాబు: ఆగినచోట పెట్టుకోండి. నడుస్తున్నప్పుడు ఒక చెవికే, అదీ రోడ్డు వైపు లేని చెవికి.

ప్రశ్న: క్యూఆర్ బోర్డులు పెట్టాం. ఏడాది తిరక్కుండానే సగం పనిచేయడం లేదు.
– నరసాపురం

జవాబు: మూడు చోట్ల చూడండి. మొదటిది లింకు. ఉచిత డైనమిక్ కోడ్, అంటే వేరే కంపెనీ లింకు మీదుగా మీ పేజీకి వెళ్లేది, గడువు తీరాక చచ్చిపోతుంది. మీ సొంత పేజీకి నేరుగా వెళ్లే స్టాటిక్ కోడ్ చేయించండి. రెండోది అచ్చు. ఇంక్‌జెట్ అచ్చు ఎండకు వెలిసిపోతుంది, లామినేషన్ అంచుల్లోంచి తేమ దూరుతుంది. లోహపు రేకు మీద నలుపు-తెలుపు అచ్చు, 30 శాతం దెబ్బతిన్నా చదవగలిగే 'హెచ్' స్థాయి కోడ్ పెట్టించండి. ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదోవంతు వెడల్పు ఉండాలి. మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు. మూడోది మేకులు. మామూలు ఇనుప స్క్రూలు ఉప్పుగాలికి కారి కోడ్ మీదకే తుప్పు చారలు దించుతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తీసుకోండి. పాత సున్నపు గోడకు మాత్రం చిల్లులు వేయకండి, పక్కన కడ్డీ పాతి దానికి బిగించండి. నెలకోసారి ఎవరైనా వెళ్లి ప్రతి కోడూ స్కాన్ చేసి చూడాలి. మీ కోడ్ మీద ఇంకొకరు తమ చెల్లింపుల స్టిక్కరు అంటించి పోయే అవకాశమూ ఉంది.