పాప వేళ్లు కదిలిస్తోంది, చెయ్యి వంకర పోలేదు: ఎముక విరగలేదనుకోవచ్చా?

సైకిలు మీద నుంచి అరచెయ్యి ఆనించి పడిన ఏడేళ్ల పాపకు మణికట్టు పైన కొంచెం వాపే ఉంది, వేళ్లు కదులుతున్నాయి కనుక బెణుకే అనుకుని రెండు రోజులు ఆగవచ్చా అని అడిగారు. దయచేసి ఆగకండి. నేను వైద్యుణ్ణి కాను. మా ఇద్దరు పిల్లలకూ ముంజేయి విరిగినప్పుడు గుంటూరు కొత్తపేటలో ఎముకల డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

ఎముక విరిగినా కండరాలు, నరాలు బాగుంటే వేళ్లు కదులుతాయి. మీరు చెప్పిన లక్షణాలే మా అమ్మాయికీ ఉండేవి. మణికట్టుకు కాస్త పైన ఎముక మీద మెల్లగా నొక్కితే మాత్రం చెయ్యి లాక్కునేది. ఎక్స్‌రేలో ఎముక అంచు చిన్నగా ఉబ్బినట్టు కనిపించింది. దీన్ని బకిల్ ఫ్రాక్చర్ అంటారు. పిల్లల్లో చాలా తరచుగా వచ్చేది, తేలిగ్గా మానేది ఇదే. సాధారణంగా మూడు వారాలు తీసి పెట్టుకునే పట్టీ సరిపోతుంది.

గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్‌లో లేత వేపకొమ్మను వంచినట్టు ఎముక ఒక పక్క చీలి, రెండో పక్క వంగి నిలుస్తుంది. దాన్ని సరిచేసి పిండికట్టు వేసినా లోపల మళ్లీ వంగే అవకాశం ఉంది కాబట్టి, వారం తరువాత ఎక్స్‌రేకు రమ్మంటే అనవసరపు ఖర్చని మానుకోకండి.

ఎముక చివర ఉండే గ్రోత్ ప్లేట్ మృదులాస్థి కావడం వల్ల ఎక్స్‌రేలో కనిపించదు. అది ఉన్న చోటు నుంచి జరగకుండా దెబ్బతింటే ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. అందుకే ఎక్స్‌రే బాగున్నా, నొప్పి సరిగ్గా ఆ చోటే ఉంటే డాక్టరు కట్టు వేసి కొన్నాళ్ల తరువాత మళ్లీ చూస్తారు. ఎముక పెరుగుదల ఆ ప్లేట్ మీదే ఆధారపడి ఉంటుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మాంటేజియా ఫ్రాక్చర్ గురించి, అంటే ముంజేతిలో ఒక ఎముక విరిగి, రెండోది మోచేతి దగ్గర కీలు తప్పడం. సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తూ అరుగు మీద నుంచి పడిన మా అబ్బాయికి, చిటికెన వేలి వైపు ఎముక మధ్యలో విరిగింది. మొదట తీసిన ఎక్స్‌రేలో మోచేయి రాలేదు. డాక్టరు గారు మోచేయి, మణికట్టు రెండూ వచ్చేలా ముందు నుంచీ పక్క నుంచీ మళ్లీ తీయించినప్పుడు, బొటనవేలి వైపు ఎముక తల మోచేతి దగ్గర కీలు తప్పి ఉందని తేలింది. మత్తు ఇచ్చి విరిగిన ఎముకను సరిచేయగానే అది చోటులోకి వచ్చింది. మాంటేజియా అనే ఇటలీ శస్త్రవైద్యుడు ఎక్స్‌రే లేని కాలంలోనే, 1814లో, ఈ రకాన్ని వర్ణించాడట. అయినా ఇప్పటికీ ఇది డాక్టర్ల కంట పడకుండా పోతూనే ఉంటుంది. నెలల తరువాత బయటపడితే పెద్ద ఆపరేషన్ కావలసి రావచ్చు. చిన్న పిల్లల్లో ఎముక విరగకుండా కేవలం వంగినా కీలు తప్పవచ్చు కాబట్టి, మోచేయి కూడా చూశారా అని మీరే అడగండి. దీనికి తిరగేసినట్టుండే గలియాజీ రకంలో బొటనవేలి వైపు ఎముక విరిగి, మణికట్టు దగ్గర కీలు తప్పుతుంది; పిల్లల్లో అది అరుదు.

బయలుదేరే ముందు వాపు పెరగకుండానే గాజులు, ఉంగరం, మణికట్టు దారం తీసేయండి. మడిచిన వార్తాపత్రికను ముంజేయి కింద ఆనించి వదులుగా కట్టి, చున్నీతో మెడకు వేలాడదీయండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక డాక్టరు చూసే వరకు ఏమీ తినిపించవద్దు. నూనె మర్దన వద్దు. పుత్తూరు కట్టు వేయిద్దామని పెద్దలు అన్నా, ఎక్స్‌రే తీయించకముందు బిగించి కట్టించవద్దు.

వేళ్లు పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపినప్పుడు నొప్పి భరించలేనంతగా పెరిగినా, ఎముక దగ్గర గాయమై రక్తం వస్తున్నా తెల్లవారే దాకా చూడకుండా విజయవాడలోగాని గుంటూరులోగాని పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి. పిండికట్టు వేసిన తరువాత ఈ లక్షణాలు కనిపించినా వెంటనే తిరిగి చూపించాలి.